హారన్ కొట్టలేదంటున్నాడు

మార్చి 3, సోమవారం

ఈ ఇంట్లో ఒక పిచ్చివాడున్నాడని ఇవాళ్టి నుంచి రాసిపెట్టుకుంటాను. నోటితో అంటే అత్తయ్య ఏడుస్తుంది. మనసులో పెట్టుకుంటే నాకు తిండి సహించడం లేదు. కాగితం మీద అంటే ఎవరికీ నష్టం లేదు.

పొద్దున మళ్ళీ అదే తంతు. నేను టీ పెడుతున్నాను. ఈయన వంటింటి గోడకు చేరగిలబడి నేలమీద కూర్చుని, కళ్ళు మూసుకుని, గొణుగుడు. దేవుడా, పిచ్చుకను చల్లగా చూడు. వాడి భార్యను చూడు. నా నోరు తెరిపించు. ఈయనతో పనిచేసిన ఆ పిచ్చుక చచ్చి ఏడాది దాటింది. చచ్చినవాణ్ణి చల్లగా చూడడమేమిటో, వాడికిక వేడేమిటో చలువేమిటో ఈయనకే తెలియాలి.

ఆ పక్కనే ఒక మనిషి నిలబడి ఉంది, నేను. తాళం చెవులు, మందులు, మాపటికి ఏం వండాలో అన్నీ ఆలోచించే మనిషి, వినడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి. నాతో ఏడాదిగా "ఉప్పు ఇటివ్వు" తప్ప మాట లేదు. ఆ గోడతో మాత్రం కడుపులో ఉన్నదంతా చెప్పుకుంటాడు.

ఒకడు కరెంటు స్తంభంతో ఇలా మాట్లాడితే పట్టుకెళ్ళి ఆస్పత్రిలో పడేస్తారు. కనిపించనివాడితో మాట్లాడితే భక్తి అంటారు. నలుగురు చేరి మాట్లాడితే మైకు కూడా పెట్టిస్తారు.

మార్చి 5

అత్తయ్యతో మాటా మాటా పెరిగింది. మీ అబ్బాయిని మనసు డాక్టరుకు చూపిద్దామన్నాను. ఆవిడ పప్పులో రాళ్ళు ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"దేవుణ్ణి తలుచుకుంటే జబ్బా? నేనూ ఊహ తెలిసినప్పట్నుంచీ తలుచుకుంటున్నా. నన్నూ చూపించు మరి."

"మీకూ ఆయనకూ తేడా ఉందత్తయ్యా. మీరు మోకాళ్ళ నొప్పులు తగ్గించమని అడుగుతారు, తగ్గకపోతే తిట్టుకుని మాత్ర వేసుకుంటారు. ఆయన నిజంగానే నమ్ముతున్నారు."

"అంటే నాది దొంగ భక్తా?"

"మీది ఆరోగ్యమైన భక్తి అంటున్నాను."

ఆవిడ మూతి ముడుచుకుని పప్పు పళ్ళెం తీసుకుని గదిలోకి పోయింది. తలుపు గట్టిగానే వేసింది. నేనన్నదాంట్లో తప్పేముందో నాకిప్పటికీ అర్థం కాలేదు. నమ్మినట్టు నటించేవాళ్ళతో ప్రపంచం బాగానే నడుస్తోంది. నిజంగా నమ్మేవాళ్ళతోనే చావు.

మార్చి 8

రాత ఎలా ఉంటే అలా ఉండనీ, ఇది ఇప్పుడే రాసెయ్యాలి.

సాయంత్రం పని నుంచి వచ్చి బూట్లు విప్పుతూ అన్నాడు. "ఈ నెలాఖరులో ఇన్‌స్పెక్టర్‌గారిని కలుద్దామనుకుంటున్నా."

"ఎందుకు?"

"ఆ రోజు నేను హారన్ కొట్టలేదు."

ఈయన ఇనుప కడ్డీల యార్డులో క్రేన్ నడుపుతాడు. క్రేన్ నడిపేవాడు లోడు ఎత్తే ముందు హారన్ కొట్టాలి. కింద తాళ్ళు కట్టినవాడు అది విని పక్కకు తప్పుకుంటాడు. ఆ రోజు పిచ్చుక తప్పుకోలేదు. కడ్డీల కట్ట జారి మీద పడింది. గంట కూడా బతకలేదు. సన్నగా ఉంటాడని, ఎంత ఎత్తుకైనా చకచకా ఎక్కేస్తాడని పిచ్చుక అనేవాళ్ళు. ఎంక్వైరీలో ఇద్దరు పనివాళ్ళు హారన్ విన్నామన్నారు. రోజూ వినేవాళ్ళు ఆ రోజూ విన్నామనే అంటారు మరి. తర్వాత మా క్లినిక్‌కు మనిషిని పంపి పిచ్చుక చెవుల చార్టు అడిగారు. యార్డు వాళ్ళకు ఏటా వినికిడి పరీక్ష చేసేది నేనే. వాడి చెవులు మందగించిన మాట నిజం. ఉన్నది ఉన్నట్టు ఇచ్చాను. హారన్ మోగింది, చెవులు సరిగా లేనివాడు వినలేదు అని రాసుకుని వాళ్ళు చేతులు దులుపుకున్నారు. అక్కడితో ముగిసిపోయిన కథ.

"అప్పుడెందుకు చెప్పలేదు?" అన్నాను.

"భయమేసింది."

"ఇప్పుడు భయం లేదా?"

"ఇప్పుడూ ఉంది. కానీ రోజూ దేవుడి ముందు కూర్చుని, ఇదొక్కటీ దాచిపెట్టి, మిగతావన్నీ మాట్లాడాలంటే సిగ్గేస్తోంది."

"జైలుకి పంపిస్తారండీ."

"పంపించనీ."

"మరి మేం?"

బూట్లు తీసుకెళ్ళి గోడ పక్కన వరసగా పెట్టాడు. జైలుకు పోతానన్న మనిషి బూట్లు వంకర లేకుండా సర్దుతున్నాడు. ఒళ్ళు మండిపోయింది.

దేవుడు చెప్పమన్నాడట, ఈయన చెప్తాడట. అదీ సంగతి.

మార్చి 10

యార్డు గేటుకు ఎదురుగా టైర్ల దుకాణం, దాని పైన ప్రార్థన హాలు. ఈయనకు ఈ తెగులు అంటుకుంది అక్కడే. క్లినిక్ నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళాను. ఆ హాలు నడిపే పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. మా ఆయన బుర్రలో ఏం నూరిపోశారని అడిగేశాను.

"మేం నూరిపోసిందేమీ లేదమ్మా. ఆయన వచ్చి ఇలా చెప్పెయ్యాలని ఉందంటే వద్దనే అన్నాం. దేవుడు ఎప్పుడో క్షమించేశాడు, మధ్యలో పోలీసులెందుకు అన్నాం. వింటేనా."

మెట్లు దిగుతుంటే నవ్వొచ్చింది. పూజారులకే అక్కర్లేని భక్తి మా ఇంట్లో పండింది. పిచ్చి అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ హాల్లో కుర్చీలు సర్దేవాడికి కూడా బుద్ధుంది.

మార్చి 11

పిచ్చివాడి వాంగ్మూలం చెల్లదు. ఇంత చిన్న విషయం ఇన్ని రోజులు తట్టలేదు నాకు.

మార్చి 12

చేశాను.

క్లినిక్‌కు సెలవు. చెవులోసారి చూస్తాను రండి అన్నాను. ఎందుకని కూడా అడగకుండా వచ్చాడు. గాజు గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టాను. అందరికీ చెప్పేదే చెప్పాను. ఎంత సన్నగా వినిపించినా బటన్ నొక్కండి, వినిపించకపోతే ఊరుకోండి.

మా పనిలో మధ్యమధ్య ఏ చప్పుడూ ఇవ్వకుండా ఖాళీగా వదులుతాం. కొందరు ఆ ఖాళీలో కూడా నొక్కుతారు. నేను బాగా చేస్తున్నానని చూపించాలని కొందరు, చెవిలో రొదను మేమిచ్చే టోను శబ్దమనుకుని కొందరు. లేనిది విన్నవాళ్ళను పట్టుకునేది అక్కడే. ఈయనకు నేను ఒక్క టోను కూడా ఇవ్వలేదు. మొదటి నుంచి చివరిదాకా ఖాళీయే. డయల్ తిప్పాను, శబ్దం మీట మాత్రం వెయ్యలేదు.

నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. ముఖం చూస్తే జాలేసేంత శ్రద్ధ. చిన్నప్పుడు బడిలో ముందు బెంచీలో కూర్చునే రకమేమో.

లేని శబ్దాలు వింటాడని చార్టు గీశాను. నా చేత్తో, నా క్లినిక్ ముద్రతో. ఇది చూపిస్తే ఏ డాక్టరైనా నోరు మూసుకోవాల్సిందే.

మార్చి 13

నిన్న గాజు గదిలో కుర్చీ పక్కకు తిప్పే ఉంచాను. ఎప్పుడూ అలాగే ఉంచుతాను.

మార్చి 17, సోమవారం

మనసు డాక్టరమ్మ నాకు తెలియని మనిషేమీ కాదు. ఆవిడ పేషెంట్లకు చెవుల పరీక్ష కావాలంటే నా దగ్గరికే పంపుతుంది. నిద్ర పట్టడం లేదా, ఒకసారి మాట్లాడదాం అని చెప్పి ఈయనను తీసుకెళ్ళాను. గదిలో ఒక ఫ్యాను, రెండు కుర్చీలు, బల్ల మీద సగం తాగిన టీ. ముందు నేను మొత్తం చెప్పాను. ఆవిడ విని, పెన్ను మూత పెట్టేసింది.

"పనికి వెళ్తున్నాడా?"

"వెళ్తున్నారు."

"తింటున్నాడా? పడుకుంటున్నాడా?"

"ఆ."

"ఎవరినైనా కొట్టడం, తిట్టడం?"

"ఆయనా? చీమను కూడా దాటి వెళ్తారు."

"మరి జబ్బెక్కడుంది? దేవుణ్ణి నమ్మాడని ఇక్కడ మంచమిస్తే, ముందు నా మంచం నేనే వేసుకోవాలి. తర్వాత మా నర్సులకు. మీకు తప్ప ఊళ్ళో అందరికీ."

అలా నవ్వేస్తే నేనేమనాలి? వాళ్ళంతా ఒక జట్టు. ఎక్కువమందికి ఉంటే జబ్బు కాదట. జలుబు కూడా అందరికీ వస్తుంది, జలుబు అనడం మానేశామా? అదే అన్నాను. ఆవిడ ఈసారి నవ్వలేదు. ఈయన వైపు తిరిగింది.

"దేవుడు మీతో మాట్లాడతాడా?"

"లేదండి."

"ఎప్పుడైనా? ఒక్క మాట?"

"లేదండి. నేనే మాట్లాడతాను. అటు నుంచి ఇంతవరకూ ఏమీ రాలేదు."

"రానప్పుడు ఎందుకు మాట్లాడుతున్నారు?"

"వింటున్నాడని."

ఇన్నాళ్ళూ ఆ దేవుడేదో తియ్యగా జవాబులు చెప్తున్నాడు, అందుకే ఈయన నా మొహం చూడడం లేదు అనుకున్నాను. ఒక్క జవాబూ లేదట. ఏడాదిగా ఒక్కటీ రాలేదట. నేనైతే అడగకముందే జవాబిస్తాను. నాకు నోరుంది, చెవులున్నాయి, రక్తం మాంసం ఉన్నాయి. వాడికేమున్నాయి?

"అబద్ధం డాక్టరుగారూ," అన్నాను. "ఇంట్లో వినిపిస్తుందనే చెప్తారు. మీ ముందు దాస్తున్నారు."

చార్టు తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ పెన్ను మూత తీసింది. చాలాసేపు చూసింది.

"లేని శబ్దం విన్నాడంటున్నారు. హారన్ విషయంలో ఉన్నదాన్ని లేదంటున్నాడు. ఈ రెండూ ఎదురెదురుగా ఉన్నాయే."

"ఏది ఉందో ఏది లేదో తెలియడం లేదండీ ఆయనకు. నేననేదీ అదే."

"పరీక్ష సరిగ్గానే జరిగిందిగా?"

"నా రిపోర్టు ఎప్పుడైనా తప్పు వచ్చిందా మీకు?"

రాలేదు. అది ఆవిడకూ తెలుసు. ఈయనను అడిగింది, మీ ఆవిడ చెప్పింది నిజమేనా అని. ఈయన నన్ను చూశాడు. ఏడాదిలో అంతసేపు నా కళ్ళలోకి చూసింది అదే మొదటిసారి.

"చెవుల సంగతి తనకే తెలియాలండి," అన్నాడు.

కొన్నాళ్ళు ఇక్కడ ఉంచి చూద్దామంది ఆవిడ. ఈయన చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ఇంకేమీ మాట్లాడకుండా నర్సు వెనక లోపలికి వెళ్ళిపోయాడు.

మార్చి 20

ఇన్‌స్పెక్టర్‌కు యార్డు మేనేజరే చెప్పేశాడట, మనిషికి మతి స్థిమితం లేదు, ఆస్పత్రిలో ఉన్నాడు అని. ఇన్‌స్పెక్టర్ నాకు ఫోన్ చేసి చాలా మర్యాదగా మాట్లాడాడు. "తగ్గాక చూద్దాం లేమ్మా. మీరు ధైర్యంగా ఉండండి."

ధైర్యంగానే ఉన్నాను. ఇల్లు ప్రశాంతంగా ఉంది. టీ పొంగకుండా పెట్టుకోగలుగుతున్నాను.

అత్తయ్య నాతో మాట్లాడడం మానేసింది. ప్రార్థన కూడా గదిలో తలుపు వేసుకుని చేసుకుంటోంది, నేను వింటే తననూ పట్టిస్తానని కాబోలు.

మార్చి 23, ఆదివారం

చూడ్డానికి వెళ్ళాను. పెరట్లో సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. మందులకు మొహం కొంచెం ఉబ్బింది. ఎవరో ఇచ్చిన చొక్కా, పొట్టి చేతులది. ఇంటి నుంచి తెచ్చిన బట్టలు ఇచ్చాను, తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

నామీద కోపంగా ఉందా అని అడిగాను. లేదన్నాడు. కోపం ఉంటే బాగుండేది, నాకు కొట్లాట చేతనవును.

"ఒక్కటి అడగనా?" అన్నాను. "ఆ గాజు గదిలో మీకు నిజంగా ఏం వినిపించింది?"

"ఏమీ వినిపించలేదు."

"మరెందుకు నొక్కారు?"

"అద్దంలోంచి నీ చెయ్యి కనపడింది. నువ్వు డయల్ తిప్పినప్పుడల్లా నొక్కా."

"వినిపిస్తేనే నొక్కమన్నాను కదండీ."

"నువ్వు తిప్పావు కదా, శబ్దం వచ్చే ఉంటుంది. నా చెవికే అందలేదనుకున్నా." చొక్కా గుండీ ఒకటి సర్దుకున్నాడు. "నువ్వు ఉత్తినే తిప్పుతావని ఎలా అనుకుంటా?"

బస్సు దొరికింది, అందుకే త్వరగా వచ్చేశాను. ఇంకేమీ జరగలేదు.

మార్చి 24

కుర్చీ తిప్పలేదు.

పని నేర్చుకున్న మొదటి వారంలో నేర్పేదే అది. పేషెంటును పక్కకు తిప్పి కూర్చోబెట్టాలి, మన చెయ్యి వాళ్ళ కంట పడకూడదు. చెయ్యి చూసి నొక్కేవాళ్ళు పిచ్చివాళ్ళు కారు. మన చేతిని నమ్మినవాళ్ళు. నిన్నగాక మొన్న చేరిన పిల్ల ఈ తప్పు చేస్తే చెడామడా తిట్టి పంపేదాన్ని.

మర్చిపోయాను. హడావిడిలో మర్చిపోయాను. అంతే.

మార్చి 25

మర్చిపోలేదు.

మార్చి 27

డాక్టరమ్మకు ఫోన్ చెయ్యాలని రెండుసార్లు తీసి పెట్టేశాను. చెప్తే ఏమవుతుంది? ఈయన బయటికొస్తాడు. తిన్నగా ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్తాడు. అక్కణ్ణుంచి జైలుకు. ఆస్పత్రిలో అయితే మూడు పూటలా తిండి పెడతారు, ఆదివారం చూడనిస్తారు. నేను కాపాడుతున్నాను. దేవుడు చెయ్యని పని నేను చేస్తున్నాను. మొక్కితే నాకు మొక్కాలి.

ఏప్రిల్ 2

పిచ్చుక భార్య క్లినిక్‌కు వచ్చింది. పేషెంట్ల వరసలో కూర్చుంది, తన వంతు వచ్చేదాకా ఆగింది. లోపలికి వచ్చాక గానీ ఎవరో నేను పోల్చుకోలేదు.

"మా ఆయన చెవులు నిజంగా అంత పాడయ్యాయా అమ్మా?"

"మందగించాయి. చార్టులో ఉంది."

"ఇంట్లో బాగానే వినేవాడు. పాపను నిద్రపుచ్చి నేను గుసగుసగా పిలిచినా వచ్చేవాడు. యార్డులో అందరూ నీ మొగుడు చెవిటివాడు, దాచిపెట్టి పనిలోకి వచ్చాడు, వాడి చావుకు వాడే కారణం అంటున్నారు. పాపను బడిలో కూడా అలాగే అంటున్నారట."

"యార్డు రొద వేరు, ఇల్లు వేరమ్మా."

"మీ ఆయన ఏదో చెప్పాలనుకుంటున్నారని విన్నాను."

"ఆయనకు ఒంట్లో బాగాలేదు," అన్నాను. "ఏదేదో మాట్లాడుతున్నారు. పట్టించుకోవద్దు."

ఆమె లేచి, కొంగుతో కుర్చీ తుడిచి వెళ్ళింది. ఎందుకు తుడిచిందో. కూర్చుంటే మాసిపోయే కుర్చీ కాదది. ఆమె అంటే నాకు మొదటి నుంచీ పడదు. ఎప్పుడు చూసినా అలా తలొంచుకునే ఉంటుంది, ఎదుటివాళ్ళను దొంగల్ని చేస్తూ.

ఏప్రిల్ 14

ఇంటికొచ్చాడు. డాక్టరమ్మ బాగుందంది. ప్రార్థన మానేశాడట, ఎవరి జోలికీ పోడట, అడిగినదానికి జవాబిస్తాడట. మాత్రలు మాత్రం ఆపకూడదు. యార్డులో ఇక క్రేన్ ఎక్కనివ్వరు, స్టోరులో కూర్చోబెడతామన్నారు. ఏదో ఒకటి.

అత్తయ్య కొడుకు మొహం రెండు చేతుల్లో పట్టుకుని చూసి, వదిలేసింది. "వీణ్ణేనా నేను పంపింది?" అంది. నాతో కాదు, ఎవరితోనో.

ఏప్రిల్ 15

పొద్దున లేచాడు. నేలమీద కూర్చోలేదు. కుర్చీలో కూర్చున్నాడు. టీ ఇచ్చాను, తాగాడు. వంటింట్లో గ్యాసు మంట చప్పుడు వినపడింది.

గెలిచాను.

ఏప్రిల్ 21

ఇన్‌స్పెక్టర్ దారిలో పోతూ ఆగాడు. ఫైలు మూసేద్దామని. ఈయనను ముందు కూర్చోబెట్టుకుని అడిగాడు.

"ఆ రోజు హారన్ కొట్టలేదని ఎవరితోనో అన్నారట. నిజమేనా?"

"అన్నానండి."

"ఇప్పుడేమంటారు?"

"అందరూ విన్నామన్నారు కదండీ. కొట్టే ఉంటాను."

"మరి అప్పుడు అలా ఎందుకన్నారు?"

"ఒంట్లో బాగాలేక."

సంతకం చేశాడు. ఇన్‌స్పెక్టర్ టీ తాగి, బాగుందమ్మా అని వెళ్ళిపోయాడు. జైలు లేదు, కేసు లేదు, ఏమీ లేదు. కావలసినవన్నీ జరిగాయి. అత్తయ్య ఆ పూట భోజనానికి లేవలేదు.

ఏప్రిల్ 26

నాతో కూడా మాట్లాడడం లేదు. ఇదివరకు గోడతో అయినా మాట్లాడేవాడు, నేను పక్కన నిలబడి దొంగతనంగా వినేదాన్ని. నా ఇంట్లో ఏం జరుగుతోందో నాకు అలాగే తెలిసేది. పిచ్చుకను తలుచుకుంటున్నాడని, భయపడుతున్నాడని, ఒకసారి నా పేరు కూడా వచ్చింది. తనని కష్టపెడుతున్నాను, క్షమించు అన్నాడు. ఆ రోజు అది వినగానే ఎంత మండిందంటే గిన్నె సింకులోకి విసిరేశాను. నన్ను కష్టపెడితే నన్ను అడగాలి కదా క్షమాపణ.

ఇప్పుడు వినడానికేమీ లేదు.

ఏప్రిల్ 30

పొద్దున టీ ఇస్తూ నేనే అన్నాను. నేనన్నానని ఇంకెవరైనా చెప్తే నమ్మేదాన్ని కాదు, నా నోటితో నేనే అన్నాను.

"ప్రార్థన చేసుకోండి. నేనేమీ అనను."

"ఎవరికి?" అన్నాడు.

వెటకారం కాదు. వెటకారమైతే నాకు తెలుస్తుంది. దారి అడిగినట్టు అడిగాడు. నేను టీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. అత్తయ్య గుమ్మంలోకి వచ్చి ఆగింది.

"ఇదివరకు ఎవరికి చేశారో వాళ్ళకే."

"అది జబ్బన్నారు కదా."

ఆయన గ్లాసు కింద పెట్టి, నుదురు రుద్దుకున్నాడు. ఏదో గుర్తు తెచ్చుకోవడానికి చాలా కష్టపడుతున్నట్టున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ గాజు గదిలో కూర్చున్న రోజు ఉన్న శ్రద్ధే మొహంలో.

"నాకు సరిగ్గా తెలియడం లేదు. నువ్వు చెప్పు. ఆ రోజు నేను హారన్ కొట్టానా?"

ఇప్పుడు చెప్పొచ్చు. లేదండీ, మీరు కొట్టలేదు, మీకు ఏ జబ్బూ లేదు, కుర్చీ నేనే తిప్పలేదు అని చెప్పొచ్చు. అత్తయ్య నా మొహం వంకే చూస్తోంది.

"కొట్టారు," అన్నాను.

తలూపాడు. గ్లాసు తీసుకుని మిగిలిన టీ తాగాడు.

నమ్మాడు.